ఓపీ చీటీకెక్కని జబ్బు

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు పొద్దున్నే నిలబడినా, వరుసలో తెలుగు, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు కలగలిసి వినిపిస్తాయి. ఈ ఊళ్లున్న, గోదావరి ఒడ్డునున్న మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. రాష్ట్రాల గీతలు మారినా మాటలు, చుట్టరికాలు, జబ్బులు ఆ గీత దగ్గర ఆగిపోలేదు. వరుసలో ఉన్నవాళ్లు చెప్పుకునే బాధలు ఏ ఊళ్లోనైనా ఉండేవే. మోకాళ్ల నొప్పి, షుగరు, బీపీ గోలీలు అయిపోయాయి, వారం నుంచి జ్వరం, పనికి వంగితే సత్తువ ఉండట్లేదు. ఓపీ చీటీ మీదికి ఎక్కేవి ఇవే. ఆ చీటీకెక్కని జబ్బు ఒకటి అదే వరుసలో నిలబడి ఉంటుంది. దానికి నొప్పి లేదు, జ్వరం లేదు, చాలామందిలో కళ్లు పచ్చబడటం కూడా లేదు. దాని పేరు హెపటైటిస్ సి. వేరే పనిమీద ఆరోగ్య కేంద్రానికి వచ్చిన వెయ్యిమందిలో ఇది ఎందరికి ఉంటుందన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. జవాబు మాత్రం మనం ఎవరిని లెక్కపెట్టామన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఇంటింటికీ తిరిగి తీసిన సగటును పట్టుకుని దవాఖానా వరుసను అంచనా వేయడం పొరపాటనీ, ఆ పొరపాటు వల్ల నయమయ్యే జబ్బు నయం కాకుండా మిగిలిపోతోందనీ నా వాదన.

ముందు జబ్బు సంగతి. కామెర్లు అనగానే మన ఇళ్లలో నేల ఉసిరి పసరు, పథ్యం, కొన్నిచోట్ల చేతిమీద వాత గుర్తొస్తాయి. ఆ కామెర్లు ఎక్కువగా హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లవి. పాడైన నీళ్ల ద్వారా వస్తాయి, చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు మందుకు పేరు రావడానికి కారణం కూడా ఇదే. హెపటైటిస్ సి ఆ కుటుంబపు జబ్బులా ప్రవర్తించదు. అది నీళ్లలో రాదు, తిండిలో రాదు. రక్తంలోంచి రక్తంలోకి వెళ్తుంది. ఒంట్లో చేరాక కళ్లు పచ్చబడేది కొద్దిమందికే కాబట్టి, వచ్చిన రోజూ తెలియదు, వచ్చిన ఏడూ తెలియదు. ఈ వైరస్‌ను 1989లో గుర్తించారు. ఆ పనికి హార్వే ఆల్టర్, మైఖేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి దక్కింది. ఇంకో అపోహ కూడా తొలగించుకోవాలి. 1997లో హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ చౌకగా తెచ్చిన టీకా హెపటైటిస్ బి కోసం. ఆ టీకా వేయించుకున్నవాళ్లు ‘మాకు హెపటైటిస్ రాదు’ అనుకుంటుంటారు. సి రకానికి ఇప్పటికీ టీకా లేదు.

సి వైరస్ సోకిన వందమందిలో సుమారు ముప్ఫై మంది ఆరు నెలల్లోగా తమంతట తామే దాన్ని వదిలించుకుంటారు. మిగిలిన డెబ్బైమందిలో అది కాలేయంలో కాపురం పెడుతుంది. అలా పాతుకుపోయినవాళ్లలో 15 నుంచి 30 శాతం మందికి ఇరవై ఏళ్లలోపు సిరోసిస్ వస్తుంది. అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడిపోతుంది. కొందరిలో అది క్యాన్సర్‌కు దారి తీస్తుంది. ఈ ఇరవై ఏళ్లూ మనుషులు పొలానికి పోతారు, పత్తి ఏరుతారు, బీడీలు చుడతారు, పెళ్లిళ్లు చేస్తారు. అలసట ఉంటే వయసు మీదికి తోసేస్తారు. ఏనాడూ కల్లు, సారా ముట్టని ఆడమనిషికి కడుపులో నీరు చేరినప్పుడు ‘తాగకుండానే లివర్ ఎలా చెడింది’ అని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు. తాగేవాడైతే ఆ ఆశ్చర్యం కూడా ఉండదు. తాగుడు మీదకు నెట్టేసి అసలు పరీక్షే చేయించరు. రెండు సందర్భాల్లోనూ వైరస్ తప్పించుకుపోతుంది.

ఇక లెక్కలు. దేశంలో ఇది ఎందరికుందన్న ప్రశ్నకు పెద్ద ఎత్తున దొరికిన జవాబు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో, 2015-16లో సేకరించిన రక్తపు బొట్లది. వాటిని పరీక్షిస్తే 0.95 శాతం మందిలో హెపటైటిస్ బి ఉన్నట్టు తేలింది, 0.32 శాతం మందిలో హెపటైటిస్ సి ప్రతిరక్షకాలు, అంటే ఆ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకిందన్న గుర్తులు, కనిపించాయి. వెయ్యికి ముగ్గురు. చూడ్డానికి ఏపాటిదీ కాదు. అదే సగటును 2011 జనాభా లెక్కల ప్రకారం 33.6 లక్షలమంది ఉన్న నాందేడ్ జిల్లాకు వర్తింపజేసి చూడండి. దాదాపు 10,700 మంది తేలతారు. వాళ్లలో ముప్ఫై శాతం మందిని వైరస్ ఇదివరకే వదిలేసి ఉంటుందనుకున్నా, ఏడున్నర వేలమంది ఒంట్లో అది ఇంకా బతికే ఉంటుంది. ఇంకా దగ్గరికి వద్దాం. మైదాన ప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం 30,000 మందికి ఉండాలన్నది ప్రభుత్వ ప్రమాణం. అంటే ఒక్కో కేంద్రం పరిధిలో సగటున 96 మందికి ప్రతిరక్షకాలు, 67 మందికి బతికున్న వైరస్. కిన్వట్, మాహుర్ లాంటి గిరిజన, కొండ ప్రాంతాల్లో ప్రమాణం 20,000 కాబట్టి అక్కడ నలభై ఐదు మంది. ఇది సగటును పట్టుకుని వేసిన లెక్క మాత్రమే. అసలు చిక్కు సగటులోనే ఉంది.

ఆ సర్వేలో పరీక్షకు రక్తం ఇచ్చింది 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లు, 15 నుంచి 54 ఏళ్ల మగవాళ్లు. అరవై దాటిన అవ్వలు, తాతలు అందులో లేరు. హెపటైటిస్ సి అన్నది వయసుతో పాటు పెరిగే లెక్క. జబ్బుకు ముసలితనం అంటే ఇష్టమని కాదు, ఎక్కువ ఏళ్లు బతికినవాళ్లకు ఎక్కువ సూదులు పడి ఉంటాయి కాబట్టి. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో దాదాపు మూడువేలమందిని పరీక్షించి 2003లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని స్పష్టంగా చూపింది. అక్కడి మొత్తం సగటు 0.87 శాతం. పదేళ్లలోపు పిల్లల్లో 0.31 శాతం, అరవై దాటినవాళ్లలో 1.85 శాతం. ఒకే పల్లెల్లో మనవడికీ తాతకూ మధ్య ఆరు రెట్ల తేడా. ఇప్పుడు ఆరోగ్య కేంద్రం వరుసలోకి మళ్లీ చూడండి. అందులో ఎక్కువమంది ఎవరు? కీళ్ల నొప్పులతో, షుగరుతో, బీపీతో నెలనెలా వచ్చే పెద్దవాళ్లే. ఇంటింటి సర్వే వదిలేసిన వయసువాళ్లే ఇక్కడ బల్లమీద కూర్చుని ఉంటారు. సర్వేకు అందని మరో వర్గం కూడా ఉంది. నాందేడ్ ఉన్న మరాఠ్వాడా ప్రాంతం నుంచి చెరకు కోతలకు, ఇటుక బట్టీలకు ఏటా నెలల తరబడి వలసపోయేవాళ్లు. తలుపు తట్టినప్పుడు తాళం వేసి ఉన్న ఇల్లు లెక్కలోకి రాదు. అదే మనిషి జ్వరమొస్తే దవాఖానాకు మాత్రం వస్తాడు.

ఇది ఊహ కాదనడానికి జర్మనీ సాక్ష్యం చెబుతుంది. అక్కడ ఇళ్లలోని జనాన్ని ఎంచి చేసిన జాతీయ ఆరోగ్య సర్వేలో హెపటైటిస్ సి ప్రతిరక్షకాలు ఉన్నవాళ్లు 0.3 శాతం. మన జాతీయ అంకెకు అచ్చంగా జంట. తర్వాత అదే దేశంలో 51 సాధారణ వైద్యుల క్లినిక్‌లకు మామూలు ఆరోగ్య పరీక్షల కోసం వచ్చిన 21,008 మందిని పరీక్షించారు. 2015లో వెలువడిన ఆ ఫలితం 0.95 శాతం, అంటే మూడు రెట్లు. రక్తంలో వైరస్ ఇంకా బతికున్నవాళ్లు 0.43 శాతం. అన్నిటికన్నా ఆలోచింపజేసేది మరో అంకె. సి సోకినట్టు తేలినవాళ్లలో 65 శాతం మందికి ఆ రోజు దాకా ఆ సంగతి తెలియదు. వైద్య బీమా, కుటుంబ వైద్యుడు, ఏటేటా పరీక్షలు ఉన్న దేశంలో పరిస్థితి అది. 2021 అక్టోబరు నుంచి జర్మనీ 35 ఏళ్లు దాటినవాళ్లకు చేసే సాధారణ ఆరోగ్య పరీక్షలో హెపటైటిస్ బి, సి రెంటినీ ఒకసారి చూసేలా నిబంధన తెచ్చింది. జర్మనీలో మూడు రెట్లు కాబట్టి నాందేడ్‌లోనూ మూడు రెట్లే అని నేను అనడం లేదు. అక్కడి జనం వేరు, సోకే దారులు వేరు. ఇంటి లెక్క, క్లినిక్ లెక్క ఒకటి కావన్న మాట మాత్రం రెండుచోట్లా నిలుస్తుంది. మన దేశపు అంకెల్లోనే ఇంకో సూచన ఉంది. 2022లో భారత్‌లో 55 లక్షలమంది హెపటైటిస్ సితో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక అంచనా. 140 కోట్లలో అది దాదాపు 0.39 శాతం, అదీ ఒంట్లో వైరస్ బతికున్నవాళ్లు మాత్రమే. వైరస్ వదిలిపోయినవాళ్లను కూడా కలుపుకుని సర్వే చెప్పిన 0.32 కన్నా ఇది ఎక్కువ.

మనవాళ్లకు ఇది ఎలా సోకిందన్నది కూడా అంతే ముఖ్యం. పడమటి దేశాల్లో మత్తు సూదులు పెద్ద కారణం. మన దగ్గర ఎక్కువ భాగం వైద్యం పేరిటే జరిగింది. మన దేశంలో రక్తదాతలకు హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. అంతకు ముందు కాన్పులో, ప్రమాదంలో, ఆపరేషన్‌లో రక్తం ఎక్కించుకున్నవాళ్లలో చాలామంది ఆ పరీక్ష లేని రక్తమే ఎక్కించుకుని ఉంటారు. ఆ తర్వాత సూది. ఇండియాక్లెన్ అనే వైద్య పరిశోధకుల బృందం 2002-03లో దేశవ్యాప్తంగా చేసిన అధ్యయనం ప్రకారం అప్పట్లో మన దేశంలో ఏటా సుమారు 300 కోట్ల ఇంజెక్షన్లు పడేవి, వాటిలో దాదాపు 63 శాతం సురక్షితమైనవి కావు. మన పల్లెల్లో ‘సూది వేయలేదు, ఏం డాక్టరు’ అన్న మాట మామూలు. గోలీతో పోయే జ్వరానికి సూది, నీరసానికి గ్లూకోజ్ బాటిల్. ఇక్కడ ఒక చిన్న సంగతిని దగ్గరగా చూడాలి. చాలామంది ‘సూది మార్చాడు కదా’ అని నిబ్బరపడతారు. సూది మారింది, సిరంజి మారలేదు. పిస్టన్ వెనక్కి లాగినప్పుడు కంటికి కనబడనంత రక్తం సిరంజిలోకి వస్తుంది. అదే సిరంజిని పదిమందికి వాడే మందు సీసాలో ముంచితే ఆ రక్తం సీసాలోకి వెళ్తుంది. ఆ సీసాలోని మందును తర్వాత ఎవరికి కొత్త సూదితో వేసినా ఫలితం ఒకటే. సిరంజిలో మిగిలిన రక్తపు తడిలో ఈ వైరస్ 60 రోజులు దాటినా బతికుండగలదని ప్రయోగశాలలో తేలింది. జాతరల్లో ఒకే సూదితో వరుసగా వేసే పచ్చబొట్లు, శుభ్రం చేయని దంత వైద్యపు పనిముట్లు, డయాలసిస్ కూడా దారులే.

వైద్యమే జబ్బును పంచగలదని ఈజిప్టు చరిత్ర చూపింది. అక్కడ నత్తల ద్వారా వచ్చే బిల్హార్జియా అనే జబ్బును తరిమేందుకు 1980ల దాకా గాజు సిరంజిలతో ఊళ్లకు ఊళ్లే ఇంజెక్షన్లు వేశారు. ఉడకబెట్టడం సరిగా జరగలేదు. ఒక తరంలో చాలామందికి హెపటైటిస్ సి అంటుకుంది. అదే దేశం 2018-19లో దాదాపు ఐదు కోట్లమందిని పరీక్షించి, తేలినవాళ్లకు మందులిచ్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి హెపటైటిస్ సి నిర్మూలన బాటలో బంగారు స్థాయి గుర్తింపు పొందింది. గాజు సిరంజిని స్పిరిట్ దీపం మీద గిన్నెలో ఉడకబెట్టి వాడిన రోజులు మన తాతలకూ గుర్తే. అప్పటి సూదులు పడినవాళ్లే ఇప్పుడు ఓపీలో మోకాళ్ల నొప్పి చీటీతో నిలబడ్డవాళ్లు.

నాందేడ్‌కు పంజాబ్‌తో ఒక ప్రత్యేకమైన చుట్టరికం ఉంది. సిక్కు గురువు గురు గోవింద్ సింగ్ 1708లో తనువు చాలించిన చోట వెలసిన తఖ్త్ సచ్‌ఖండ్ శ్రీ హజూర్ సాహిబ్ గురుద్వారా ఇక్కడే ఉంది. అమృత్‌సర్‌నూ నాందేడ్‌నూ కలిపే రైలు పేరే సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్. ఆ రైలు అటు చివర ఉన్న పంజాబ్ హెపటైటిస్ సితో ఎక్కువగా బాధపడ్డ రాష్ట్రాల్లో ఒకటి. అక్కడ ఎంచుకున్న ఒక ప్రాంతంలో చేసి 2012లో ప్రచురించిన సర్వేలో 5.2 శాతం తేలింది. ఈ మాట చదివి యాత్రికులను అనుమానంగా చూడటం మొదలెడితే అది ఘోరమైన అన్యాయం. పక్కపక్కన కూర్చుని లంగర్‌లో తిన్నా, ఒకే లోటాతో తాగినా, చేయి కలిపినా, బిడ్డకు పాలిచ్చినా ఈ వైరస్ రాదు. పంజాబ్ నుంచి మనం తెచ్చుకోవాల్సింది పాఠం. 2016 జూన్‌లో ఆ రాష్ట్రం ఉచిత చికిత్స మొదలుపెట్టింది. పెద్ద కాలేయ నిపుణుల దగ్గరే కాకుండా 22 జిల్లా ఆసుపత్రుల్లో, మామూలు వైద్యుల చేతుల మీదుగా మందులిచ్చింది. 2018 దాకా చికిత్స పొందిన 48,088 మంది ఫలితాలు తర్వాత ప్రచురించారు. 91.6 శాతం మందికి నయమైంది. నిపుణుడు లేడన్న కారణంతో చికిత్స ఆపక్కర్లేదని ఇంతకన్నా పెద్ద రుజువు ఏం కావాలి?

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది బలమైనది. వెయ్యిమందిలో ముగ్గురికోసం 997 మందిని పొడవడం దండగ కాదా? పైగా జబ్బు అరుదుగా ఉన్నచోట పరీక్ష తప్పు చెప్పే ప్రమాదం ఎక్కువ. ఇది నిజమే. వెయ్యిమందిలో ముగ్గురికే ఉందనుకుందాం. పరీక్ష కిట్ నూటికి తొంభై తొమ్మిదిసార్లు సరిగ్గా చెబుతుందనుకుందాం. అప్పుడు కూడా జబ్బులేని మరో పదిమందికి పొరపాటున పాజిటివ్ గీత పడుతుంది. పదమూడు పాజిటివ్‌లలో పదిమంది అమాయకులు. ఈ లెక్కను చూసి పరీక్షే వద్దనడం తేలిక. పరీక్ష రెండు మెట్లుగా చేయాలన్నది సరైన జవాబు. కిట్ మీద గీత పడ్డం జబ్బు ఉందని తీర్పు కాదు, రెండో పరీక్షకు పిలుపు మాత్రమే. వైరస్ బతికుందో లేదో చెప్పేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. క్షయ పరీక్షకు జిల్లాల్లో ఉన్న సీబీనాట్ లాంటి యంత్రాల మీదే తగిన కాట్రిడ్జ్ పెట్టి దీన్ని కూడా చేయవచ్చు. పదమూడుమంది రక్తాన్ని ఆ యంత్రానికి పంపితే అమాయకులు అక్కడే బయటపడతారు. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి, ‘మీకు హెపటైటిస్ సి ఉంది’ అని చీటీ రాసి పంపడమే ప్రమాదం. నయమైనవాళ్లకు కూడా కిట్ మీద గీత జీవితాంతం పడుతుందన్న సంగతి మరిచిపోతే ఆ ప్రమాదం రెట్టింపు.

దండగ అన్న మాటకు ఇంకో జవాబు మందుల్లో ఉంది. సోఫోస్‌బువిర్ అనే గోలీ 2013 డిసెంబరులో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్కోదాని ధర వెయ్యి డాలర్లు. 84 రోజుల కోర్సుకు 84,000 డాలర్లు. 2014లో ఆ మందు హక్కులున్న గిలియడ్ కంపెనీ భారతీయ తయారీదార్లకు అనుమతులిచ్చింది. ఆ మందును జెనరిక్‌గా చేసిన తొలి కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో, హెటిరో ఉన్నాయి. ఇప్పుడు సోఫోస్‌బువిర్, డక్లాటస్‌విర్ కలిపి పన్నెండు వారాల కోర్సు పేద దేశాలకు 60 డాలర్లకే దొరికే స్థాయికి వచ్చింది. మన దేశంలో రోగి ఆ డబ్బు కూడా పెట్టక్కర్లేదు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. కాలేయం గట్టిపడకముందే మొదలుపెడితే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. నయమవడమంటే అదుపులో ఉండటం కాదు, వైరస్ ఒంట్లోంచి పోవడం. బీపీకి, షుగరుకు ఈ అదృష్టం లేదు. మందు హైదరాబాద్‌లో తయారై ప్రపంచమంతా తిరుగుతుంటే, మూడొందల కిలోమీటర్ల లోపు ఉన్న నాందేడ్ పల్లెలో జబ్బు ఉందని కూడా తెలియని మనిషి కాలేయం గట్టిపడుతుండటం నాకు మింగుడుపడని సంగతి.

అందరికీ ఎందుకు, ప్రమాదం ఉన్నవాళ్లకే చేస్తే చాలదా అన్నది రెండో అభ్యంతరం. డయాలసిస్‌లో ఉన్నవాళ్లు, తలసీమియా, సికిల్ సెల్ జబ్బులతో పదేపదే రక్తం ఎక్కించుకునేవాళ్లు, మత్తు సూదులు వాడేవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, జైళ్లలో ఉన్నవాళ్లు ముందు వరుసలో ఉండాల్సిందే. అక్కడితో ఆపితే కుదరదు. ‘ఎప్పుడైనా అసురక్షితమైన ఇంజెక్షన్ తీసుకున్నారా’ అని అడిగితే మన పల్లెల్లో ఎవరేం చెబుతారు? తనకు వేసిన సిరంజి కొత్తదో పాతదో పాతికేళ్ల కిందటి సంగతి ఎవరికి గుర్తుంటుంది? ప్రమాదం మనిషి నడతలో ఉన్న దేశాల్లో ప్రశ్నావళి కొంతవరకు పనిచేస్తుందేమో. ప్రమాదం వైద్యంలోనే ఉన్నచోట సూది వేయించుకున్న ప్రతివాళ్లూ ఆ వర్గమే. అమెరికా కూడా ముందు ప్రమాదం ఉన్నవాళ్లకు, తర్వాత 1945 నుంచి 1965 మధ్య పుట్టినవాళ్లకు కూడా పరీక్ష అంది. చివరకు 2020లో, పెద్దవాళ్లందరికీ ఒక్కసారైనా చేయాలన్న నిర్ణయానికి వచ్చింది. మన దగ్గర వయసు గీత గీయాల్సి వస్తే ముప్ఫై దగ్గర గీద్దాం. షుగరు, బీపీ, క్యాన్సర్ల పరీక్షలకు ప్రభుత్వం పెట్టుకున్న గీత కూడా అదే.

ఆ గీతలోనే మూడో అభ్యంతరానికి జవాబుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల మీద ఇప్పటికే మోయలేని బరువు ఉందన్నది అందరికీ తెలిసిందే. టీకాలు, కాన్పులు, క్షయ, షుగరు, రికార్డులు, ఆన్‌లైన్ నమోదు. అక్కడి నర్సమ్మల, ఆశాల కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. షుగరు కోసం వేలు పొడిచినప్పుడు వచ్చే రెండో బొట్టు ఈ కిట్‌కు సరిపోతుంది. కొత్త శిబిరం అక్కర్లేదు, కొత్త వరుస అక్కర్లేదు. ఏటా కాదు, మనిషికి ఒక్కసారి. పాజిటివ్ వచ్చినవాళ్లకు ఆర్‌ఎన్‌ఏతో పాటు ఏఎస్‌టీ అనే కాలేయ పరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్క చూసి చిన్న సూత్రంతో కాలేయం గట్టిపడిందో లేదో అంచనా వేయవచ్చు. హెపటైటిస్ బి కూడా చూడాలి, సి చికిత్స మధ్యలో బి తిరగబెట్టే వీలుంది కాబట్టి. కాలేయం బాగున్నవాళ్లకు మందులు జిల్లా స్థాయిలో చాలు. చెడినవాళ్లను నాందేడ్‌లో 1988లో మొదలైన శంకర్‌రావు చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల లాంటి పెద్ద ఆసుపత్రికి పంపాలి. ఇందులో కష్టమైన మెట్టు ఒకటే, మనుషులు మధ్యలో జారిపోకుండా చూడటం. బిలోలి మనిషి పాజిటివ్ అని విని, ఆర్‌ఎన్‌ఏ కోసం నాందేడ్ పోవడానికి ఒక రోజు కూలీ వదులుకోవాలి. ఫలితానికి ఇంకో రోజు. సరిహద్దు ఊళ్లవాళ్లు నిజామాబాద్‌కో హైదరాబాద్‌కో పోతే కాగితాలు అటూ ఇటూ చేరవు. అందుకే కదలాల్సింది మనిషి కాదు, రక్తం సీసా. నమూనా వెళ్లి ఫలితం ఫోన్‌లో రావాలి.

నాలుగో అభ్యంతరం నాకు చాలా సబబుగా కనిపిస్తుంది. సూదులు ఇలాగే కొనసాగితే ఒక పక్క నయం చేస్తూ ఇంకో పక్క అంటిస్తుంటే అది చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు కాదా? ఈ వైరస్ ఒకసారి నయమైనా మళ్లీ సోకగలదు. కాబట్టి పరీక్షతో పాటు సూది అలవాటు మారాల్సిందే. ఒకసారి వాడగానే తనంతట తనే పనికిరాకుండా పోయే సిరంజిలనే వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఆ మాటను ఆర్‌ఎంపీ గది దాకా తీసుకెళ్లాలి. పరీక్షకు ఇక్కడ మరో ప్రయోజనం ఉంది. ఒక ఆరోగ్య కేంద్రం పరిధిలో పాజిటివ్‌లు అన్నీ ఒకే ఊళ్లో, ఒకే వయసువాళ్లలో గుమికూడితే అక్కడేదో సూది దారి తెరిచి ఉందని అర్థం. లెక్కపెట్టనంతకాలం ఆ దారి కనబడదు.

చివరిది అందరూ గొంతు తగ్గించి చెప్పే మాట, పరువు. పాజిటివ్ అని తెలిస్తే కోడలిని పుట్టింటికి పంపేస్తారు, పెళ్లి సంబంధం తప్పిపోతుంది, పనిలోంచి తీసేస్తారు. ఈ భయం ఉత్తది కాదు. దాన్ని పోగొట్టడానికి ఫలితాన్ని నలుగురి ముందు పిలిచి చెప్పకపోవడం మొదటి పని. అందరికీ చేసే పరీక్ష కావడం రెండోది. కొందరినే ఎంచి చేస్తే వాళ్లమీద వేలు పడుతుంది. షుగరు పరీక్షలా అందరికీ చేస్తే ఎవరిమీదా పడదు. గర్భిణి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి ఐదారే. భార్యాభర్తల మధ్య సోకడం ఇంకా అరుదు. ఈ మాటలు ఆశా కార్యకర్త తెలుగులోనూ మరాఠీలోనూ నోటితో చెప్పగలగాలి, కరపత్రం చాలదు.

మీరు ముప్ఫై దాటినవాళ్లయితే, 2001కి ముందు ఎప్పుడైనా రక్తం ఎక్కించుకుని ఉంటే, ఒంటిమీద జాతర పచ్చబొట్టు ఉంటే, చిన్నప్పుడు ఎన్ని సూదులు పడ్డాయో లెక్క తెలియకపోతే, ఈసారి షుగరు పరీక్షకు వెళ్లినప్పుడు ఒక మాట అడగండి: ‘డాక్టర్ సాబ్, హెపటైటిస్ సి కూడా చూడండి.’ గీత పడితే భయపడకండి, ఆర్‌ఎన్‌ఏ ఫలితం చేతికొచ్చేదాకా మాత్రం వదలకండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి.